పడవ, పొట్లం, తిరగేసిన చొక్కా

ఆ ఏడు మా చర్చిలో క్రిస్మస్ విందు నాన్న వండడం లేదని నవంబరు ఆఖరి ఆదివారం తెలిసింది. ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఎజ్రా గారు మా వెనకే ఇంటిదాకా నడిచి వచ్చారు. అమ్మ కుర్చీ వేసింది. ఆయన కూర్చోకుండా, దాని వీపు మీద చెయ్యి ఆనించి నిలబడి, ఈసారి వంట తెనాలి క్యాటరింగ్ వాళ్లకి ఇచ్చామని చెప్పారు. కుర్రాళ్లంతా అదే కావాలన్నారట. ప్లేట్లూ వాళ్లవే, వడ్డించే మనుషులూ వాళ్లేనట.

“మంచిదేగా అన్నా. ఒక్క ఏడన్నా నేనూ అందరితో కూర్చుని తింటా,” అన్నాడు నాన్న.

ఎజ్రా గారు వెళ్లిపోయాక కూడా ఆ కుర్చీ చాలాసేపు అక్కడే ఉంది.

నాన్న పేరు అంద్రెయ. రేపల్లె చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా వంట మేస్త్రీ. ఆయన గుండిగ దించి గంజి వారిస్తే మెతుక్కి మెతుకు అంటదని పేరు. వంట ఒప్పుకునే ముందు నాన్న అడిగే మొదటి మాట, బియ్యం ఎన్నాళ్లవి అని. ఏడాది నిండని బియ్యమైతే ఎంత కావలసినవాళ్ల పెళ్లయినా ఒప్పుకునేవాడు కాదు. కొత్త బియ్యం అన్నం పంక్తిలో పడితే ముద్దకట్టి, ఆ ముద్దతోపాటు తన పేరు కూడా పోతుందనేవాడు. మా ఇంట్లో మాత్రం ప్రతి శీతాకాలం కొత్త బియ్యమే. అమ్మ కోతలకి వెళ్లి తెచ్చిన వడ్లూ, కోసిన చేలో రాలిన పరిగె ఏరిన వడ్లూ మరపట్టించి వండేది. నాన్న అవే తినేవాడు. తిన్నంతసేపూ వేళ్లకు అంటుకుందని సణిగేవాడు. ఇంట్లో ఒక్కనాడు కూడా గరిటె పట్టేవాడు కాదు.

రెండేళ్లలో పెళ్లి వంటలు ఒకటొకటే పోయాయి. చివరికి మిగిలింది చర్చి విందు. అదీ పోయాక అమ్మ ఎవరెవరితోనో మాట్లాడి, గుంటూరు అవతల కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్ పని చూసింది. జనవరి ఒకటిన చేరాలి. ఉండడానికి గది ఇస్తారు, నెలకోసారి ఇంటికి పంపిస్తారు. నాన్న సరే అనలేదు, కాదు అనలేదు. అటక మీది నుంచి పెద్ద గరిటెలు దించి, బూడిదతో తోమి, ఎండబెట్టి, గోనెపట్టాలో చుట్టి మళ్లీ అటక మీదే పెట్టాడు. నేను డీఎస్సీ పుస్తకం ముందు పెట్టుకుని అంతా చూస్తూ కూర్చున్నాను.

ఆ వారంలోనే తెనాలి నుంచి అజయ్ బాబు గారు ఫోన్ చేశారు. వాళ్ల అక్క పెళ్లికి నాన్నే వండాడు. ఆయన పదేళ్లు ప్రయాణికుల ఓడల్లో వంటవాడిగా తిరిగి వచ్చి, బాపట్ల సూర్యలంక ఒడ్డున కొత్తగా కట్టిన ఒక రిసార్టులో వంటశాల చూస్తున్నారు. క్రిస్మస్ సెలవులకు అక్కడ పుల్లటి అన్నంతో, పచ్చి చేపతో జపాన్ వాళ్లు చేసే సుషి ఒక బల్ల మీద పెట్టాలని ఓనరు పట్టుబట్టాడట. దానికో మనిషి కావాలి. చేతికి వస్తే ఉద్యోగం ఖాయం. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన అబ్బాయి ఒకడు పోటీలో ఉన్నాడని, తను మాత్రం నాన్న పేరు చెప్పానని ఆయన అన్నారు.

మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను కూడా రమ్మన్నాడు. రేపల్లె నుంచి ప్యాసింజరులో తెనాలి దాకా కిటికీ పక్కనే కూర్చున్నాడు. పట్టాలకు రెండు పక్కలా కోతలు. తడి ఆరక మిషను దిగని మళ్లల్లో ఆడవాళ్లు వంగి చేత్తో కోస్తున్నారు.

అజయ్ బాబు గారు బల్ల మీద వెదురు పుల్లల చాప, ఎండబెట్టిన సముద్రపు నాచు నల్లటి రేకులు, అన్నంలో కలిపే పుల్లనీళ్ల సీసా పెట్టుకుని కూర్చున్నారు. ఓడ నుంచి తెచ్చుకున్న బియ్యం ఆఖరి పొట్లం వండి, ఒక్కొక్కటీ చేసి చూపించారు. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. ఆయన పని నేర్చుకునే తీరే అంత. ముందు చూడడం, ఇంటికెళ్లాక చెయ్యడం.

“పేర్లు కూడా రావాలి మేస్త్రీ గారూ. వచ్చినవాళ్లు ఇదేంటి, అదేంటి అని అడుగుతారు. అక్కడ మేనేజరమ్మ కూడా అడుగుతుంది. ఇరవై రెండో తారీఖున మీ చేత చేయించి చూస్తారు,” అంటూ ఆయన ఒక కాగితం జరిపారు.

నాన్న చెయ్యి జేబు మీదకి వెళ్లింది.

“కళ్లజోడు ఇంట్లో మర్చిపోయా బాబూ. మీరొకసారి చదవండి.”

నాన్నకు కళ్లజోడు లేదు. ఎప్పుడూ లేదు. పెళ్లివారు వంటల జాబితా చేతికిచ్చినప్పుడల్లా ఆయన జేబు తడుముకుని ఇదే మాట అంటాడు. ఎవరో ఒకరు చదువుతారు. ఒక్కసారి వింటే చాలు, నలభై రకాలైనా వరస తప్పకుండా గుర్తుంటాయి. నాన్నకు చదవడం రాదని నాకు ఐదో తరగతిలో తెలిసింది. తెలిసినట్టు ఎప్పుడూ కనబడనివ్వలేదు.

అజయ్ బాబు గారు చదివారు. నిగిరి, మాకి, ఉరమాకి, తెమాకి, గుంకన్, ఓషి, ఇనారి, చిరాషి. నాన్న తల ఊపాడు. కాగితం మడిచి నాకిచ్చాడు. గుమ్మం దిగుతుంటే అజయ్ బాబు గారు ఇంకో మాట చెప్పారు.

“బియ్యం మాత్రం మనవే వాడాలి. ఆ దేశం బియ్యం తెప్పించడానికి ఓనరు ఒప్పుకోవట్లేదు. బియ్యం సంగతి మీకు నేను చెప్పేదేముంది లెండి.”

“అది నాకొదిలెయ్యండి బాబూ,” అన్నాడు నాన్న. ఆ నెలలో ఆయన గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి.

సాయంత్రాలు నా ట్యూషన్ పిల్లలు వెళ్లిపోయాక వసారాలో చాప మీద నాన్న, నేను. గడప మీద కూర్చుని అమ్మ ఆకుకూర గిల్లుతూ ఉండేది. నేను పేరు చదవడం, నాన్న అనడం. నలభై వంటకాలు ఒక్క వినికిడితో పట్టుకునే మనిషికి ఎనిమిది పేర్లు నిలవలేదు. మాకి తెమాకి అయ్యేది, ఇనారి చిరాషి అయ్యేది. మూడో రోజుకి నాన్న కాగితం పక్కకు తోశాడు.

“ముక్కల పులుసు అంటే నాకు గిన్నెతో సహా కనబడుద్ది అమ్మాయ్. వీటికి మొహాల్లేవు. మొహం లేనిదాన్ని ఎట్టా గుర్తుపెట్టుకోను?”

“పచ్చి చేప తినేవాళ్లకి మళ్లీ పేర్లొకటి,” అంది అమ్మ గడప మీద నుంచి.

ఆ పూట నేను ఫోన్లో ఒక్కొక్క పేరుకీ అర్థం వెతికాను. చూస్తే అవేవీ పెద్ద మాటలు కావు. చాలావాటికి చేతులు ఏం చేస్తాయో అదే పేరు. నిగిరి అంటే పిడికిట్లో నొక్కింది. మాకి అంటే చుట్టింది. ఉర అంటే లోపలి వైపు. అన్నం బయటికొచ్చి, నాచు లోపలికి పోతుంది. తె అంటే చెయ్యి, చేత్తో చుట్టి చేతికిచ్చేది. ఓషి అంటే అచ్చులో అదిమింది. చిరాషి అంటే చల్లింది. అవి చెబుతుంటే నాన్న కళ్లు నా మీద నుంచి ఎటో వెళ్లి, మళ్లీ వచ్చాయి.

“ఆగాగు. చల్లడమంటే వెద చల్లినట్టేగా? గిన్నెలో అన్నం పొలమన్నమాట, పైన ముక్కలు విత్తనాలు. చిరాషి, వెద. ఇంకోటి చెప్పు.”

“ఉరమాకి.”

“తిరగేసిన చొక్కా.”

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. పెళ్లయిన కొత్తలో నాన్న ఒకసారి చొక్కా తిరగేసి వేసుకుని వాళ్ల పుట్టింటికి వచ్చాడట. అట్లాగే చర్చిలో ముందు వరసలో కూర్చున్నాడట.

ఆ తర్వాత ఒక్కొక్కదానికీ మొహం వచ్చింది. మాకి చాపచుట్ట. తెమాకి శనగల పొట్లం. ఓషి ఇటుక. వేయించిన సోయా పెరుగు తిత్తిలో అన్నం కూరే ఇనారి దిండు గలీబు. అన్నం ముద్ద మీద చేప ముక్క కప్పి ఉండే నిగిరిని అమ్మ ఫోన్లో చూసి, చలికి దుప్పటి కప్పుకున్న పిల్లలా ఉందని తనే అంది. అంటే తనూ ఈ పేర్ల ఆటలో పడిందన్నమాట. గుంకన్ ఒక్కటే మిగిలింది. అన్నం చుట్టూ నాచు గోడలా నిలబెట్టి, పైన చేప గుడ్లు పోస్తారు. నాన్న ఫోన్లో దాని బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, పడవ అన్నాడు. ఫోన్లో చూస్తే ఆ మాటకు యుద్ధపు ఓడ అని ఉంది. నేను ఆ మాట చదివి వినిపించాను. నాన్న ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

పేర్లు వచ్చాయి. అన్నం రాలేదు.

నాన్న తన మనిషి దగ్గర రెండేళ్ల నాటి బియ్యం ఏరికోరి తెచ్చుకున్నాడు. పంక్తిలో ఎవరైనా దండం పెట్టే అన్నం అది. పిడికిట్లో నొక్కితే ముద్ద అయినట్టే అయి, పళ్లెంలో పెట్టేసరికి విచ్చిపోయేది. చాపచుట్ట కోస్తే ముక్కల్లో నుంచి మెతుకులు జలజల రాలేవి. నీళ్లు ఎక్కువ పోస్తే పైన చితికి, లోపల బిరుసుగా ఉండేది. వరిపిండి కలిపి చూశాడు. గరిటెతో మెదిపి చూశాడు. వారం రోజులు మా కోళ్లు పుల్లటి అన్నమే తిన్నాయి.

“ఇది నా చేతిలో లేదు,” అన్నాడొక సాయంత్రం, చేతులు కడుక్కుంటూ. “ఆ కోల్డ్ స్టోరేజీ ఆయనకి వస్తున్నానని చెప్పెయ్యి దేవకుమారీ.”

అమ్మ సరేనంది. ఆ రాత్రి భోజనాల దగ్గర నేను నా కంచంలో చూశాను. కొత్త బియ్యం అన్నం. వేళ్లు దగ్గరకు తీస్తే చాలు, ముద్ద దానంతటదే నిలబడింది. తలెత్తితే అమ్మ కూడా తన కంచంలోకే చూస్తోంది. చేతిలో ఉన్న ముద్దను నోట్లో పెట్టుకోకుండా అటూ ఇటూ తిప్పుతోంది. కొత్త బియ్యంతో వంట చెయ్యమని మా నాన్నతో చెప్పడం, అంత తేలిక మాట కాదు.

మర్నాడు పొద్దున అమ్మ కోతకు వెళ్లలేదు. నాన్న బియ్యం పోసుకునే డబ్బా తీసి, పాతవి సంచిలోకి ఒంపి, పరిగె బియ్యంతో నింపి మూత పెట్టింది. నేను చూస్తున్నానని తెలుసు. మూత మీద ఇంకోసారి అరచేత్తో గట్టిగా నొక్కి వెళ్లిపోయింది.

పదకొండింటికి నాన్న లేచి వచ్చాడు. ఇక ఆఖరిసారి చూస్తానన్నాడు. డబ్బా మూత తీసి, గ్లాసు ముంచబోతూ బియ్యంలో చెయ్యి పెట్టాడు. చెయ్యి అక్కడే ఆగింది. ముప్పై ఏళ్ల చెయ్యి అది, బియ్యం వయసు నెలలతో సహా చెబుతుంది. గుప్పెడు తీసి వాసన చూశాడు. అమ్మ వీపు ఇటు పెట్టి చేటలో వడ్లు చెరుగుతోంది. ఆ చేట చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

నాన్న రెండు గ్లాసులు కొలిచి కడిగాడు. తర్వాత నీళ్లు పోస్తూ, రోజూ పోసేదానికన్నా ఒక గ్లాసు తగ్గించాడు. కొత్త బియ్యానికి అన్ని నీళ్లు అక్కర్లేదు.

అన్నం దించి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, పుల్లనీళ్లు చిలకరించాడు. నన్ను విసనకర్రతో విసరమని, మెతుకు చితక్కుండా గరిటె అంచుతో కింద నుంచి పైకి తిరగేశాడు. ఆ కలపడం నాకు తెలిసినదే. పెళ్లిళ్లలో పులిహోర కలిపేటప్పుడు ఆయన మణికట్టు అట్లాగే తిరుగుతుంది.

“ఇది మన పులిహోరకి చుట్టమే అమ్మాయ్,” అన్నాడు. అరచేతులు తడి చేసుకుని పిడికెడు తీసుకుని నొక్కి, పళ్లెంలో పెట్టాడు. అది విచ్చలేదు. దాని పక్కన ఇంకోటి పెట్టాడు. ఇద్దరం చాలాసేపు వాటివంకే చూశాం. చేట చప్పుడు మళ్లీ ఆగిపోయింది.

ఇరవై రెండున పొద్దున్నే బస్సులో బాపట్ల వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో సూర్యలంక చేరాం. నాన్న ఒళ్లో ఐదు కిలోల కొత్త బియ్యం సంచి. ఆ హోటల్ మేనేజ్‌మెంట్ అబ్బాయి ముందు రోజే వచ్చి చేసి వెళ్లాడట. అన్నీ అచ్చు పోసినట్టు చేశాడని వంటశాల గుమ్మం దగ్గర ఎవరో అన్నారు. నన్ను ఆ గుమ్మం పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టారు.

నాన్న నాలుగు గంటలు తల ఎత్తలేదు. చేప కొయ్యడంలో ఆయనకు కొత్తేమీ లేదు. నిజాంపట్నం చేపలతోనే పెరిగాడు. ఎనిమిది రకాలూ బల్ల మీదకు చేరాయి. చివరలో అజయ్ బాబు గారు ఒక పలక మీద ఉత్త చేప ముక్కలు కూడా పేర్చమంటే పేర్చాడు. అప్పుడు మేనేజరు హర్షిణి గారు వచ్చారు. మహా అయితే నాకంటే నాలుగేళ్లు పెద్ద. చేతిలో ఇంగ్లీషులో అచ్చువేసిన అట్టముక్కలు.

“చాలా బాగున్నాయి మాస్టర్ గారూ. ఇవిగోండి పేర్లు. ఏది దేని ముందు పెట్టాలో మీరే పెట్టెయ్యండి.”

అట్టముక్కలు నాన్న చేతిలోకి వచ్చాయి. ఆయన వాటిని పేకముక్కల్లా విప్పి, మళ్లీ మూశాడు. చెయ్యి జేబు మీదకి వెళ్లింది. నేను స్టూలు మీద నుంచి లేచాను. లేచి ఏం చేద్దామనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

నాన్న నా వైపు చూశాడు. జేబు మీద నుంచి చెయ్యి తీశాడు.

“నాకు చదవడం రాదమ్మా,” అన్నాడు. “మీరు చదవండి. ఏది ఎక్కడో నేను చెబుతా.”

హర్షిణి గారు ఒక క్షణం ఆయన మొహంలోకి చూసి, అట్టలు తీసుకుని ఒక్కొక్కటే చదివారు. నాన్న వేలు చూపిస్తూ పోయాడు. గుంకన్ అన్నప్పుడు పడవ దగ్గర, తెమాకి అన్నప్పుడు పొట్లం దగ్గర వేలు ఆగింది. ఒక్కటీ తప్పలేదు. ఆఖరి అట్ట ఆవిడ చేతిలో మిగిలింది.

“సాషిమి,” అని చదివి, ఉత్త చేప ముక్కల పలకను చూసి, దాన్ని కూడా వరసలో మిగిలిన ఖాళీలోకి జరపబోయారు.

“అది పక్కన పెట్టండమ్మా, విడిగా. దానికి అన్నం లేదు. అన్నం లేకపోతే అది సుషి కాదు.”

హర్షిణి గారు అజయ్ బాబు గారి వంక చూశారు. ఆయన తల ఊపారు. ఆవిడ పలకను వెనక్కి జరిపి, ఒక నిగిరి తీసుకుని ఒక్కసారే నోట్లో పెట్టుకున్నారు.

“ఏం బియ్యమండీ ఇవి?” అని అడిగారు అజయ్ బాబు గారు, తనూ ఒకటి తీసుకుని. “ముద్ద ఇట్లా ఎట్లా నిలబెట్టారు?”

“కొత్త బియ్యం బాబూ. మా ఇంటావిడ పరిగె ఏరినయ్యి,” అన్నాడు నాన్న. కొంచెం ఆగి, “ఆవిడకి తెలిసింది. నాకు తెలియలేదు,” అన్నాడు.

బయటికి వచ్చేటప్పుడు అజయ్ బాబు గారు ఉద్యోగం ఖాయమని, ఇరవై నాలుగు పొద్దున కల్లా వచ్చేయమని అన్నారు. వచ్చేటప్పుడు ఆ బియ్యమే ఇంకో సంచి తెమ్మన్నారు.

రేపల్లె బస్సులో చెరుకుపల్లి దాటేదాకా నాన్న కిటికీ అవతలకే చూస్తూ కూర్చున్నాడు.

“నీకెప్పుడు తెలిసింది?” అన్నాడు ఉన్నట్టుండి.

“ఐదో తరగతిలో.”

“అప్పట్నుంచీ చెప్పలేదే?”

“నువ్వూ చెప్పలేదుగా.”

నాన్న మెల్లగా తల ఊపి, మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. బస్సు మా ఊరి మలుపు తిరుగుతుంటే, ఖాళీ ఉన్నప్పుడు తన పేరు ఎట్లా ఉంటుందో రాసి చూపించమన్నాడు.

ఆ క్రిస్మస్ చర్చి విందులో నేనూ అమ్మా ఇద్దరమే కూర్చున్నాం. క్యాటరింగ్ వాళ్ల అన్నం విడివిడిగానే ఉంది. ఎజ్రా గారు మా దగ్గరికి వచ్చి, అంద్రెయ ఏడీ అని అడిగారు. బాపట్లలో ఉద్యోగానికి వెళ్లాడని అమ్మ చెప్పింది. ఏం ఉద్యోగమని ఆయన అడిగితే, వంటే అంది.

ఇరవై ఆరున నాన్న పొద్దున మొదటి బస్సుకు వచ్చాడు. కాళ్లు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి వెళ్లాడు. అమ్మ లేవబోతే కూర్చోమన్నాడు. మేం తినడానికని నాన్న పొయ్యి మీద అన్నం పెట్టడం నేను చూడడం అదే మొదలు. డబ్బాలో పరిగె బియ్యం అడుగంటాయి. ఉన్నవన్నీ వండాడు. వేలెడంత నెత్తళ్ల చేపలు కారం పెట్టి వేయించాడు. అరచేతులు తడి చేసుకుని చిన్న ముద్దలు నొక్కి, ఒక్కొక్క దాని మీద రెండేసి నెత్తళ్లు పడుకోబెట్టి, నాచు పట్టీతో నడుం కట్టాడు. పళ్లెంలో ఆరు పేర్చి అమ్మ ముందు పెట్టాడు.

“దీని పేరేంటి?” అంది అమ్మ. అన్నాళ్లలో ఆవిడ ఒక వంటకం పేరు అడగడం అదొక్కసారే.

“ఇది వాళ్ల కాగితంలో లేదు. సగం కొరకమాక, మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకో.”

అమ్మ ఒకటి తీసుకుంది. వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు చూసింది. నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలి మింగింది. నాన్న తడి చేతులు తుడుచుకోకుండా అట్లాగే నిలబడి ఉన్నాడు.

“అన్నం బాగా అంటుకుంది,” అంది అమ్మ.

ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో నాన్న సణిగిన మాట అదే. ఆ పొద్దున ఆయన తల వంచుకుని, పొయ్యి వైపు తిరిగి నవ్వుకున్నాడు.